మరక సరే, నోరెంత తెరుచుకుంటోంది?

చంద్రపూర్ నుంచి రాజురా దాటి గడ్‌చాందూర్ వైపు వెళ్తుంటే మొదట కనిపించేవి సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. తర్వాత సున్నపురాయి లారీలు. ఊరు దగ్గరపడేకొద్దీ పాన్‌ఠేలాలు. ఒకవైపు మాణిక్‌గఢ్, మరోవైపు అవార్‌పూర్, ఇంకాస్త అవతల ఉప్పర్‌వాహి. ఈ ఫ్యాక్టరీలనూ, వాటి చుట్టూ పెరిగిన బజార్లనూ నమ్ముకుని సరిహద్దు దాటి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ మాటకొస్తే ఈ నేలకు తెలుగు కొత్తదేమీ కాదు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాలను పునర్విభజించినప్పుడు బొంబాయి రాష్ట్రానికి వెళ్లి, కొన్నాళ్లు నాందేడ్ జిల్లాలో ఉండి, 1959లో చంద్రపూర్ జిల్లాలో కలిసింది. అందుకే ఇక్కడి బస్టాండులో మరాఠీ, తెలుగు, గోండి, కొలామీ, లంబాడీ అన్నీ వినపడతాయి. సగం మాట మరాఠీలో మొదలై తెలుగులో ముగిసినా ఎవరూ తిరిగి చూడరు.

ఇలాంటి ఊళ్లో ఓ తెలుగింటికి వెళ్లి, ఇంటిల్లిపాదినీ వరసగా నోరు తెరవమన్నారనుకోండి. నాయనమ్మ నోట్లో ఆరేడు పళ్లు మిగిలి ఉంటాయి. వాటి మొదళ్లలో గార గట్టిగా పేరుకుని ఉంటుంది. కొడుకుకు ముప్పై రెండూ ఉంటాయి గానీ ఎర్రబారి ఉంటాయి, నోరు మాత్రం పూర్తిగా తెరుచుకోదు. బడికెళ్లే మనవడి ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, వెనక దవడ పంటి గుంటలో చిన్న నల్లచుక్క. ఇల్లు ఒకటే, వంట ఒకటే, నోళ్లు మాత్రం మూడు రకాలు.

ఆ ఇంట్లో ఎవరు దేనికి దిగులు పడుతున్నారో అడగండి. అందరి దిగులూ మనవడి చారల మీదే ఉంటుంది. నలుగురిలో నవ్వడు, ఫొటోకు పెదవులు బిగిస్తాడు, రేపు పెళ్లీడుకొస్తే ఎట్లా అని. కొడుకు కారం తినలేక పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నాడన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నల్లచుక్క అసలు ఎవరి కంటా పడదు. పంటి విషయంలో మన భయాల వరస తలకిందులుగా ఉందని నాకనిపిస్తుంది. కనిపించే మరకకు డబ్బు ఖర్చుపెడతాం. కనపడని గుంత నొప్పి పెట్టేదాకా ఆగుతాం. నోరు బిగుసుకుపోవడాన్ని జబ్బుగానే ఎంచం.

బొగ్గు, కచ్చిక, యాపపుల్ల

ముందు పెద్దవాళ్ల సంగతి. "మా కాలంల పేస్టులు యాడియి బిడ్డా, యాపపుల్లతోటే తోముకున్నం. ఇనుప గుగ్గిళ్లయినా నమిలినం" అనే మాట ఈ ప్రాంతపు ఏ ముసలమ్మ దగ్గరైనా వినొచ్చు. అందులో నిజం కొంత ఉంది. వేపపుల్ల చివర నమిలి కుంచెలా చేసుకుంటే పంటి మీది పాచి పోతుంది. అయితే పుల్ల చేరేది ముందు పళ్ల బయటి వైపుకే. దవడ పళ్ల లోపలి వైపు, రెండు పళ్ల సందులు దానికి అందవు. ఆ తరం పళ్లు గట్టిగా నిలవడానికి పుల్ల కంటే పళ్లెంలో ఉన్నది పెద్ద కారణం. జొన్నరొట్టె, పప్పు, కూర, పండక్కి మాత్రమే బెల్లం. రోజుకు నాలుగుసార్లు టీలో ముంచుకునే బిస్కెట్ వాళ్ల చిన్నతనంలో లేదు.

బొగ్గుపొడి, కచ్చిక బూడిద, ఇటుక పొడి, ఉప్పు మాత్రం మేలు కంటే కీడే ఎక్కువ చేశాయి. వాటితో తోమితే పళ్లు తెల్లబడతాయి, నిజమే. తెల్లబడేది మరకతో పాటు పైపొర కూడా గీకుకుపోతుంది కాబట్టి. ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం, కానీ అరిగితే మళ్లీ పుట్టదు. ఏళ్ల తరబడి గరుకుపొడితో తోమినవాళ్లకు చన్నీళ్లు తగిలితే పన్ను జివ్వుమంటుంది. బజార్లో దొరికే ఎర్ర పండ్లపొళ్లలో కొన్నింటికి ఆ రంగు వచ్చేది ఎర్రమట్టి నుంచే. వేలితో అదిమి రుద్దితే అదీ గరుకే. ఫ్యాక్టరీ ఆవరణలోనూ క్వారీల్లోనూ పనిచేసేవాళ్లకు మరో కష్టం ఉంది. నోట్లోకి చేరిన సన్నటి దుమ్ము పళ్ల మధ్య నలిగి వాటిని అరగదీస్తుంది. అలాంటివాళ్లు డ్యూటీ దిగగానే ముందు నీళ్లు పుక్కిలించి, తర్వాతే ఏదైనా నమలడం మంచిది.

మరాఠీ ఇళ్ల నుంచి మన ఇళ్లలోకి నడిచొచ్చిన అలవాటు ఒకటుంది, మశేరి. పొగాకును పెనం మీద మాడ్చి పొడి చేసి, దాంతో పళ్లు తోముకుంటారు. ఎక్కువగా ఆడవాళ్లు. పొద్దున ఒకసారి అని మొదలై, మధ్యాహ్నం వంట అయ్యాక మరోసారి, నిద్రపోయే ముందు ఇంకోసారి. "పండ్లు సాఫ్ అయితయి, గ్యాస్ పోతది" అంటారు. నిజానికి అది నికోటిన్ అలవాటు. పళ్లు తోముకోవడమన్నది దానికి ఓ సాకు. టూత్‌పేస్టుల్లో, పళ్లపొళ్లలో పొగాకు కలపకూడదని కేంద్రం 1992లోనే నిషేధించింది. ఇంట్లో పెనం మీద మాడ్చుకునేదాన్ని ఏ చట్టం ఆపుతుంది?

నొప్పి వచ్చినప్పుడు ఈ తరం చేసే వైద్యం కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ రాష్ట్రపు పాత వాసన ఇక్కడింకా పోలేదు. 1920లో హైదరాబాద్‌లో పుట్టిన జిందా తిలిస్మాత్ సీసా చాలా ఇళ్ల గూట్లో ఉంటుంది. దూదిలో రెండు చుక్కలు వేసి పంట్లో కుక్కుతారు. లేదంటే లవంగ నూనె. లవంగంలోని యూజినాల్ నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది, ఆ రాత్రికి నిద్ర పడుతుంది. అంతవరకు తప్పులేదు. నొప్పి మాత్రను నలిపి చిగురు మీద పెట్టుకుంటేనే ప్రమాదం. ఆస్ప్రిన్ రకం మాత్రలు చిగురును కాల్చి తెల్లటి పుండు చేస్తాయి. మాత్ర పనిచేయాల్సింది మింగాక, రక్తంలో కలిశాక.

గార తీయిస్తే పళ్లు కదులుతాయన్న భయం మరొకటి. పంటి మీది పాచి ఉమ్మిలోని కాల్షియంతో గట్టిపడి గారవుతుంది. దాని కింద చిగురు వాచి, ఎముక మెల్లగా కరుగుతుంది. గార తీశాక పన్ను కదులుతోందంటే అప్పటికే దాని వేళ్లు వదులైపోయాయని అర్థం. గార దాన్ని దాచి ఉంచిందంతే. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు ఈ చిగుళ్ల జబ్బు మరింత జోరుగా ముదురుతుంది, చిగుళ్ల వాపేమో చక్కెరను అదుపులోకి రానివ్వదు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు. పంటికీ కంటికీ వెళ్లే నరాలు వేరు.

ఠేలా మీద కలిపే జబ్బు

ఇక కొడుకు నోరు. విదర్భలో, ముఖ్యంగా చంద్రపూర్, గడ్చిరోలీ జిల్లాల్లో, ఖర్రా గురించి ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ముక్కలు చేసిన వక్క, పొగాకు, తడి సున్నం, ఈ మూడింటినీ ప్లాస్టిక్ కాగితంలో వేసి చెక్క మీద పరపరా రుద్దుతారు. ఆ రాపిడికి వక్క మెత్తబడి, అంతా కలిసి తడిపొడిగా తయారవుతుంది. అదే కాగితంలో పొట్లం కట్టి చేతికిస్తారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2012లో గుట్కాను నిషేధించింది. గుట్కా అంటే కంపెనీ పేరున్న ప్యాకెట్టు, పట్టుకుంటే దొరుకుతుంది. ఖర్రాకు కంపెనీ లేదు, ప్యాకెట్టు లేదు. అడిగిన నిమిషంలో కళ్ల ముందే తయారవుతుంది. నైట్ షిఫ్టులో నిద్ర రాకుండా ఒకటి, లారీ లోడయ్యేదాకా కాలక్షేపానికి ఒకటి, దోస్తు కనిపిస్తే మర్యాదకు ఇంకొకటి. పెళ్లిళ్లలో పళ్లెంలో పెట్టి ఇచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి.

2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 21.4 శాతం మంది పొగరాని పొగాకు వాడుతున్నారు. మహారాష్ట్రలో అది 24.4 శాతం. అంటే నలుగురిలో ఒకరు. పొగ లేదు కాబట్టి ఊపిరితిత్తులకు ఏం కాదు, సిగరెట్ కంటే నయం అనుకునేవాళ్లు దీన్నే ఎంచుకుంటారు.

ఖర్రాలో జనం పొగాకునొక్కదాన్నే దోషిగా చూస్తారు. "పొగాకు బంద్ చేసిన సార్, వట్టి సుపారీనే తింటున్న" అని గర్వంగా చెప్పేవాళ్లు తక్కువేం లేరు. కానీ వక్క అంత అమాయకమైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కనే నేరుగా క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది, పొగాకు కలిపినా కలపకపోయినా సరే. వక్కలోని అరెకోలిన్ బుగ్గల లోపలి మెత్తటి పొర కింద నారలాంటి కణజాలాన్ని పేరుకునేలా చేస్తుంది. సున్నం ఈ రసాయనాలు ఆ పొరలోకి తొందరగా ఇంకేలా చూస్తుంది. కొన్నేళ్లకు బుగ్గ గట్టిపడి, తెల్లబారి, పట్టీలు పట్టీలుగా బిగుసుకుంటుంది. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు దీన్ని తొలిసారి వివరంగా రాసింది ఎక్కడో తూర్పు ఆఫ్రికాలో, అక్కడ స్థిరపడ్డ భారతీయ మహిళల నోళ్లు చూసి. దేశం దాటినా వక్క అలవాటు వెంటే వెళ్లింది మరి.

ఈ జబ్బు మొదటి లక్షణం నొప్పి కాదు, కారం. ఇక్కడి భోజనంలో పచ్చిమిర్చి ఠేచా లేకపోతే ముద్ద దిగదు. నిన్నటిదాకా ఇష్టంగా తిన్న మనిషి దాన్ని పక్కకు నెడుతుంటే, పప్పులో కారం తగ్గించమంటుంటే, అది వయసు మీదపడడం వల్ల కాదు. తర్వాత ఈల వేయలేకపోవడం, బుడగ ఊదలేకపోవడం, సమోసా కొరకడానికి నోరు చాలకపోవడం. ఇంట్లోనే చూసుకోగల పరీక్ష ఒకటుంది. మీ చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు మూడూ కలిపి, నిలువుగా, పై ముందు పళ్లకూ కింది ముందు పళ్లకూ మధ్య పెట్టండి. మూడు వేళ్లూ పడితే సరే. రెండే పడితే అదే వారం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొదటి దశలో వక్క మానేస్తే జబ్బు అక్కడితో ఆగే అవకాశం ఉంటుంది. బిగుసుకున్న బుగ్గ పూర్తిగా మళ్లీ మెత్తబడడం మాత్రం కష్టం. నోరు తెరిచే వ్యాయామాలు, సూదులు, ముదిరితే ఆపరేషన్. ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి అది క్యాన్సర్‌గా మారుతుంది.

క్యాన్సర్ మాట ఎత్తాం కాబట్టి, 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1.43 లక్షల మందికి పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా బయటపడింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. ఇన్ని చావులకు పెద్ద కారణం ఆలస్యం. నాలుక పక్కన, బుగ్గ లోపల, ఖర్రా పెట్టుకునే చోట రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనిపిస్తే బీకాంప్లెక్స్ మాత్రలతో నెలలు గడపకూడదు. విచిత్రం ఏమిటంటే, అద్దం, టార్చిలైటు ఉంటే చాలు, మనమే చూసుకోగల క్యాన్సర్లలో ఇదొకటి. అయినా ఆఖరి దశలోనే నాగ్‌పూర్ బస్సెక్కుతాం.

మానడం మాటలంత సులువు కాదని తెలుసు. పక్క జిల్లా గడ్చిరోలీలో డాక్టర్ అభయ్ బంగ్ నడిపే 'సెర్చ్' సంస్థ, ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి 2016లో 'ముక్తిపథ్' మొదలుపెట్టాయి. మద్యం, పొగాకు మాన్పించే పని అది. ఒక్కొక్కరికి నీతులు చెప్పడంతో ఆగకుండా ఊరినే కూర్చోబెట్టి మాట్లాడించడం ఆ పద్ధతి. అమ్మకం ఆపే తీర్మానం ఊరు చేయాలి, మానాలనుకునేవాడికి క్లినిక్ అండ ఉండాలి. ఒంటరిగా ప్రయత్నించేవాళ్లకు పొగాకు మానిపించే జాతీయ ఉచిత ఫోన్ 1800-11-2356 ఉంది. ఖర్రా పొట్లం మీద ముద్రించే చోటే లేదు గనక ఆ నంబరు ఖర్రా తినేవాడి కంట పడదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బోరింగు నీళ్లు గీసిన చారలు

ఇప్పుడు మనవడి ముందు పళ్లు. చంద్రపూర్, యవత్‌మాల్ జిల్లాల భూగర్భజలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. తెలుగువాళ్లకు ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తొస్తుంది గానీ, దేశంలో ఈ జబ్బు మొట్టమొదట నమోదైంది నెల్లూరు జిల్లాలో. 1937లో షార్ట్ బృందం పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెల్లో గుర్తించింది. ఆ ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లింది. నల్లగొండ పేరు మీద ప్రపంచమంతా తెలిసిన నీటిశుద్ధి పద్ధతి తయారైందేమో మన గడ్‌చాందూర్‌కు దగ్గరి మహానగరం నాగ్‌పూర్‌లోని 'నీరి' సంస్థలో, 1970ల్లో. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి అది. ఎటు చూసినా ఈ కథ సరిహద్దుకు ఇటూ అటూ తిరుగుతూనే ఉంటుంది.

పన్ను చిగురు కింద తయారవుతున్న వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఎనామెల్ సరిగ్గా గట్టిపడదు. ముందు సుద్దలాంటి తెల్లటి గీతలు, ఎక్కువైతే గోధుమ చారలు, మరీ ఎక్కువైతే గుంటలు. పన్ను బయటికొచ్చాక అదే నీళ్లు తాగినా కొత్త చారలు రావు. కాబట్టి పదమూడేళ్ల పిల్లాడి చారలు చూసి ఇప్పుడు బెంగపడి లాభం లేదు. అవి ఎప్పుడో పాలపళ్ల వయసులో రాసుకున్న రాత. ఆ ఇంట్లో ఇంకా రెండేళ్ల చెల్లెలు ఉంటే మాత్రం నీళ్ల సంగతి ఈ రోజే తేల్చుకోవాలి. ఆమె ముందు పళ్లు ఇప్పుడే చిగురు కింద తయారవుతున్నాయి.

భారత ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. పేచీ ఎక్కడంటే, ఒకే వాడలో ఒక బోరింగు నీళ్లు మంచివైతే వంద అడుగుల అవతలి బోరింగులో ఎక్కువుండొచ్చు. రుచి తేడా తెలియదు, రంగు తేడా తెలియదు. గ్రామపంచాయతీ ద్వారా ప్రభుత్వ ల్యాబులో పరీక్ష చేయించడం తప్ప దారి లేదు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకూ అది లొంగదు. ఆర్‌వో లేదా యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు కావాలి. పొలంలోని బోరును పశువులకూ బట్టలకూ ఉంచి, తాగడానికీ వంటకూ నల్లా నీళ్లే వాడుకోవడం అన్నిటికంటే చవక పద్ధతి. పిల్లలకు పాలు, పెరుగు ఉంటే కడుపులోనే కొంత ఫ్లోరైడ్‌ను కాల్షియం పట్టేస్తుంది. డికాక్షన్ టీలో ఫ్లోరైడ్ బాగానే ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు టీ అలవాటు చేయకపోవడం రెండు విధాలా మేలు.

ఇక్కడే ఓ తిరకాసు. నీళ్లలో ఫ్లోరైడ్ చెడ్డదని చెప్పగానే, "మరి పేస్టులో కూడా ఉంటదంట గద సార్, బంద్ చేద్దామా?" అని అడుగుతారు. మానొద్దు. మింగిన ఫ్లోరైడ్, పంటికి రాసిన ఫ్లోరైడ్ ఒకటి కావు. పంటి మీద పడ్డ ఫ్లోరైడ్, యాసిడ్ తిన్న చోట ఖనిజాన్ని మళ్లీ కూడబెడుతుంది. పిల్లలు మింగకుండా చూడడమే ముఖ్యం. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. టీవీ ప్రకటనల్లో బ్రష్ పొడవునా అలలుగా పరిచే పేస్టు అమ్మకం పెంచుకోవడానికే, పంటి కోసం కాదు.

చారలు పోగొట్టే వైద్యం ఉంది. పైపైన ఉన్నవైతే డాక్టరు సన్నగా పాలిష్ చేస్తారు, లోతైనవైతే పంటి రంగు పూత లేదా తొడుగు వేస్తారు. జాతరల్లో, బస్టాండ్ల దగ్గర సీసాలో ఏదో నీళ్లు దూదికి అద్ది "ఒక్క నిమిషంలో మిలమిల" అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ఆ నీళ్లు చాలాసార్లు యాసిడ్. ఆ పూట తెల్లగానే కనిపిస్తుంది. పోయిన ఎనామెల్ తిరిగి రాదు.

ఆరేళ్ల పన్ను

చారలున్న పన్నే పుచ్చిపోతుందని లేదు. చారలు లేని తెల్లటి పన్ను లోపల ఖాళీ అయిపోవచ్చు. ఆ నల్లచుక్క గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. ఆరేళ్ల వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, వరసలో ఆఖరున, నాలుగు మూలల్లో నాలుగు పెద్ద దవడ పళ్లు నిశ్శబ్దంగా వస్తాయి. ఊడింది ఏదీ లేదు కాబట్టి అవీ పాలపళ్లేనని అనుకుంటారు. "పుచ్చితే పుచ్చనీ, ఊడి మళ్లొస్తది" అని వదిలేస్తారు. అవి మళ్లీ రావు. బతుకంతా నమలాల్సిన పళ్లు అవే. వాటి పైన లోతైన గాడులుంటాయి, బిస్కెట్ పిండి అందులో ఇరుక్కుంటుంది. అవి వచ్చిన కొత్తలోనే డాక్టరు ఆ గాడుల్లో సీలెంట్ పోస్తే చాలా పళ్లు దక్కుతాయి. ఆరు, ఏడేళ్ల పిల్లలున్న ఇంట్లో ఈ నాలుగు పళ్లను లెక్కపెట్టి చూడండి.

పాలపళ్లనూ తేలిగ్గా తీసుకోకూడదు. అవి కిందనున్న శాశ్వత పళ్లకు చోటు కాపాడతాయి. ముందే పీకేస్తే పక్క పళ్లు ఒరిగి, వచ్చే పన్ను వంకరగా వస్తుంది. ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరే వేడుక దాని వేళకు అది ఊడినప్పుడే అందం.

పన్ను పుచ్చేది నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను తిని వదిలే యాసిడ్ వల్ల. ఎంత తీపి తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది లెక్క. తిన్న ప్రతిసారీ పంటి మీద యాసిడ్ అరగంట దాకా పనిచేస్తుంది. స్వీడన్‌లోని విపెహోల్మ్‌లో 1945 నుంచి కొన్నేళ్లు జరిగిన ప్రయోగం దీన్ని తేల్చిచెప్పింది. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్ల కంటే, భోజనాల మధ్య జిగురు టాఫీలు తిన్నవాళ్ల పళ్లు ఎన్నో రెట్లు పుచ్చిపోయాయి. మానసిక వికలాంగుల మీద, వాళ్లనడక్కుండా చేసిన ఆ ప్రయోగం ఇవాళైతే నేరం. దాని ఫలితాన్ని మాత్రం ప్రపంచం ఇప్పటికీ వాడుకుంటోంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాడి పై పళ్లు నల్లబడడానికీ, టీ-బిస్కెట్ నాలుగుసార్లు తినే బడిపిల్లాడి దవడలు పుచ్చడానికీ కారణం ఇదే. బెల్లం అయినా తేనె అయినా పంటి మీది క్రిములకు తేడా తెలియదు.

ఇవేవీ చెప్పకుండా "పురుగు తీస్తాం" అంటూ ఊరూరా తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ముళ్ల వాకుడు గింజలను నిప్పుల మీద వేసి ఆ పొగ నోట్లోకి పట్టిస్తారు. కాసేపటికి నీళ్లలో తెల్లటి సన్నటి పురుగులు తేలతాయి. అవి పంటి పురుగులు కావు, వేడికి పగిలిన గింజల నుంచి బయటపడ్డ మొలకలు. ఈ మోసం మనదొక్కటే కాదు, ఐరోపాలో కూడా శతాబ్దాల పాటు ఇలాంటి గింజలతోనే నడిచింది. 1728లో ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ పంటి పురుగన్నది లేదని తన పుస్తకంలో రాశాడు. గింజలూ పొగా మాత్రం నేటికీ మన సంతల్లో ఆ పుస్తకం చదవలేదు.

పిల్లలు రాత్రి పడుకునే ముందు తోమడమే ముఖ్యం. నిద్రలో ఉమ్మి తగ్గిపోతుంది, పంటిని కాపాడేది ఉమ్మే. పొద్దున తోమేది మర్యాదకు, రాత్రి తోమేది పంటికి అని నా అభిప్రాయం. తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, నీళ్లతో పదేపదే పుక్కిలించి పేస్టంతా కడిగేయనక్కర్లేదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలకు పెద్దవాళ్లే తోమాలి. ఆ వయసు చేతికి దవడ వెనక్కి బ్రష్ తిప్పే నేర్పు ఉండదు.

కుర్చీ ఖరీదు

సరే, పుచ్చింది. ఇప్పుడేం చేయాలి? చాలామంది కుర్చీ ఎక్కగానే అనే మాట "పీకేయండి సార్, కథ ఖతం". వాళ్లను తప్పుపట్టలేం. పీకడం కొన్ని వందల్లో అయిపోతుంది. రూట్ కెనాల్, దాని మీద క్యాపు అంటే వేలల్లో, అదీ రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకుని. కానీ పీకిన చోట ఖాళీ వదిలేస్తే ఎదుటి పన్ను కిందికి జారుతుంది, పక్కవి వాలతాయి, నమలడం ఒకేవైపుకు మారుతుంది. ఈ లెక్కలో అసలు చవక గుంత చిన్నగా ఉన్నప్పుడే సిమెంటు పెట్టించుకోవడం.

యంత్రాలు, కరెంటు లేని పల్లెలకు కూడా పద్ధతులున్నాయి. 1980ల్లో టాంజానియాలో యో ఫ్రెంకెన్ అనే డచ్ వైద్యుడు ఒకటి రూపొందించాడు. చేతి పనిముట్లతో పుచ్చిన భాగం గీకేసి, గ్లాస్ అయోనమర్ అనే జిగురు సిమెంటు నింపడం. డ్రిల్లు మోత లేదు, సూదీ చాలాసార్లు అక్కర్లేదు. 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవం మరోటి. పుచ్చిన చోట ఒక చుక్క రాస్తే పుచ్చడం ఆగిపోతుంది, ఆ భాగం నల్లబడుతుంది. పాలపన్నుకైతే ఆ నలుపుతో ఇబ్బంది లేదు. ఫ్లోరైడ్ పేస్టుతో పాటు ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇంత సిమెంటు తయారయ్యే తాలూకాలో పంటికి కావాల్సిన చిటికెడు సిమెంటు ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఎందుకుండకూడదన్నది అడగాల్సిన ప్రశ్నే.

జివతీ కొండల మీద మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవే అంటున్న 14 పల్లెలున్నాయి. అటు కెరమెరి మండలం, ఇటు జివతీ తాలూకా. అక్కడివాళ్లకు రెండేసి ఓట్లున్నా, పన్ను సలిపితే ఎటో ఒకవైపు కొండ దిగక తప్పదు.

2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలి. వాళ్లు వెతకాల్సిన జబ్బుల జాబితాలో పంటి పుచ్చు కూడా ఉంది. ఆ రోజు పిల్లవాణ్ని బడికి పంపడం, తర్వాత "పంట్లో ఏమన్నా చూశారా మాస్టారూ?" అని అడగడం తల్లిదండ్రుల పని. ఇంకో సంగతి. దవడ కింద వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే అది మామూలు పంటినొప్పి కాదు. ఆ రోజే, అవసరమైతే ఆ రాత్రే, ఆస్పత్రిలో ఉండాలి. వాపు గొంతులోకి దిగితే ఊపిరాడదు.

ఇక నోరు తెరవమన్నప్పుడు వరసలో నిలబడనిది ఈ ఇంటి కోడలు. పిల్లాడి చారలు, అత్తగారి గార, భర్త కారం తినలేకపోవడం ముందుగా గమనించేది ఆమే. తను కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తం కారితే మాత్రం, ఆ సమయంలో పంటి వైద్యం చేయించుకుంటే బిడ్డకు మంచిది కాదన్న మాట విని ఊరుకుంటుంది. హార్మోన్ల వల్ల గర్భిణులకు చిగుళ్లు వాచడం మామూలే. మెత్తటి బ్రష్‌తో తోమడం ఆపకూడదు. వాంతులు అయ్యాక వెంటనే తోమకుండా ముందు నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి తోమితే యాసిడ్ తగిలిన ఎనామెల్ అరగదు. గార తీయించడం, సిమెంటు పెట్టించడం గర్భంలో ఎప్పుడైనా చేయించుకోవచ్చు. కుర్చీలో వెల్లకిలా పడుకోవడానికి అన్నిటికంటే వీలైన కాలం నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా. తప్పనిసరైతే పంటి ఎక్స్‌రే కూడా తీయొచ్చు. ఎన్నో నెలో డాక్టరుకు ముందే చెప్తే చాలు, మందులు, మత్తు సూది దానికి తగ్గట్టు చూసి ఇస్తారు.